పాత కాలనీ వీధులు: కొత్త రోడ్డు అడగాలా, ముందు కాలువ అడగాలా? డబ్బు ఎక్కడి నుంచి?

మూడోవీధి:
అందరికీ నమస్కారం. మాది తిరుపతిలో ఎం.ఆర్.పల్లి వైపు ఒక పాత లేఅవుట్. ఎనభైలలో యూనివర్సిటీ, దేవస్థానం, బ్యాంకు ఉద్యోగులు స్థలాలు కొని కట్టుకున్న ఇళ్ళు. అప్పుడు ఒక్కో స్థలంలో ఒక ఇల్లు, వెనక బావి, ముందు కొబ్బరిచెట్టు. ఇప్పుడు చాలా ఇళ్ళు పడగొట్టి మూడు, నాలుగు అంతస్తులు లేపారు. కొన్ని హాస్టళ్ళయ్యాయి. మిగిలిన పాత ఇళ్ళలో పెన్షన్ మీద బతికే మాలాంటి వాళ్ళం ఉన్నాం.

వచ్చే ఆదివారం కాలనీ మీటింగు. "మా వీధులన్నిటికీ సిమెంటు రోడ్డు వేయండి" అని అర్జీ రాసి ఇంటింటికీ తిరిగి సంతకాలు తీసుకుంటున్నారు. నేనింకా పెట్టలేదు. రోడ్డు వద్దని కాదు. మా వీధిలో గుంత తప్పించబోతే స్కూటరు కాలువ అంచు ఎక్కాల్సిందే. కానీ మా ఇల్లు కట్టినప్పుడు రోడ్డు మీద నుంచి మూడు మెట్లెక్కి గేటులోకి వచ్చేవాళ్ళం. తారు మీద తారు, దాని మీద సిమెంటు పోసుకుంటూ పోయారు. ఇప్పుడు గేటు తీస్తే లోపలికి ఒక మెట్టు దిగాలి. గేటు కింది అంచు రోడ్డుకు రాచుకుంటోందని కోయించి పైకి బిగించుకున్నాం. 2021 నవంబరు వానల్లో కాలువ నీళ్ళు హాల్లోకి వచ్చి మంచం కోళ్ళదాకా నిలబడ్డాయి. దీని మీద ఇంకో ఆరంగుళాల సిమెంటు పోస్తే మా గతేంటి?

నేను అనుకునేది ఇది: ముందు కాలువ, తర్వాత పైపులు, ఆఖరున రోడ్డు. రోడ్డు వేశాక ఏటా దాని బాగోగులకు కొంత డబ్బు పక్కన పెట్టాలి. అర్జీ ఈ వరుసలో ఎలా రాయాలో, డబ్బు ఏ దారిన వస్తుందో తెలిసినవాళ్ళు చెప్పండి.

కొర్లగుంట కుర్రోడు:
అక్కా, మా పక్కా ఇదే కత. నేనైతే ఒకటి చెప్తా. రోడ్డు ఇస్తామంటా ఉండారంటే ముందు తీసుకోండి. కాలవ, కాలవ అని కూసుంటే ఆ డబ్బులు ఇంకో డివిజనుకు పోతాయి. నగరంలో 50 డివిజన్లు ఉండాయి, అందురికీ రోడ్లు కావాల. మేం అట్లనే "అన్నీ సరిగ్గా చేసి వెయ్యండి" అని పట్టుబట్టినాం. పక్కోళ్ళకు రోడ్డు పడింది, మాకు ఎస్టిమేటు దగ్గరే ఆగిపోయింది.

కంకరసార్:
రోడ్ల పనుల్లోనే చేసి రిటైరైన మనిషిని. తమ్ముడు చెప్పిన భయం నిజమైందే. అయినా మూడోవీధి గారి వరుసే సరైనది. కారణం చెప్తాను.

తారు రోడ్డుకు నీళ్ళే శత్రువు. రాయికీ తారుకీ మధ్య నీరు చేరితే పట్టు వదులుతుంది. దాని మీద టైర్లు పోతుంటే జల్లి లేస్తుంది, వారంలో గుంత అవుతుంది. సిమెంటు రోడ్డు నీళ్ళకు అంత తొందరగా లొంగదు. కానీ మన పాత కాలనీల్లో దానికొక జబ్బు ఉంది. పక్క కాలువ గోడ పగిలిందంటే రోడ్డు కింది గ్రావెల్ కొంచెం కొంచెంగా కాలువలోకి జారిపోతుంది. పైకి ఏమీ కనపడదు. పలక కింద ఖాళీ. ఒకరోజు నీళ్ళ ట్యాంకరు వచ్చి అంచు మీద ఆగుతుంది, పలక విరుగుతుంది. అందరూ కాంట్రాక్టరును తిడతారు. కొన్నిసార్లు తప్పు అతనిదే, చాలాసార్లు కాలువది. కాలువ బాగుచేయకుండా కొత్త రోడ్డు వేస్తే అది కూడా అలాగే పోతుంది.

ఇక ఎత్తు సంగతి. పాత రోడ్డు తీసేసి, పాత మట్టానికే కొత్తది పోయమని అందరూ నోటితో చెప్తారు. ఎస్టిమేటులో "పాత రోడ్డు తొలగింపు" అనే ఐటం లేకపోతే ఎవరూ తొలగించరు, దానికి బిల్లు రాదు కాబట్టి. అర్జీలో ఆ మాట రాయండి. ఎస్టిమేటు తయారయ్యేటప్పుడే వార్డు సచివాలయంలో రోడ్లు, కాలువల పనులు చూసే అమెనిటీస్ సెక్రటరీని కలిసి ఆ ఐటం పడిందో లేదో చూసుకోండి. పని మొదలయ్యాక అరిచి లాభం లేదు.

నాలుగో అంతస్తు:
మాది కొత్త అపార్ట్‌మెంట్. ప్రతి మీటింగులో "అపార్ట్‌మెంట్లు వచ్చి రోడ్లు పాడయ్యాయి" అంటున్నారు. మేమూ పన్ను కడుతున్నాం కదండీ. ఎండాకాలంలో కుళాయి నీళ్ళు చాలక ట్యాంకరు పిలిపించుకుంటాం. ఇంకేం చేయమంటారు?

కంకరసార్:
అమ్మా, మీ తప్పని ఎవరూ అనకూడదు. బరువు లెక్క మాత్రం తెలియాలి. 10,000 లీటర్ల ట్యాంకరులో నీళ్ళే పది టన్నులు, బండి బరువు వేరే. ఇరుసు మీద బరువు రెండింతలైతే రోడ్డుకు జరిగే నష్టం దాదాపు పదహారింతలు ఉంటుంది. అమెరికాలో 1958-60 మధ్య పెద్ద ఎత్తున రోడ్ల మీద పరీక్షలు చేసి తేల్చిన సంగతి ఇది, ఇప్పటికీ రోడ్డు మందం లెక్కగట్టేది దీన్ని పట్టే. ఒక్క ట్యాంకరు చేసే నష్టం ముందు రోజంతా తిరిగే స్కూటర్లు లెక్కలోకి రావు. అందుకే నేననేది: ట్యాంకర్లు, ఇసుక లారీలు వచ్చే వీధికి ఒక మందం, స్కూటర్లే తిరిగే సందుకు ఒక మందం. కాలనీ అంతా ఒకే కొలత అని అర్జీలో రాయొద్దు. మీ వీధి పొడవునా ఏ బండ్లు వస్తాయో రాసి ఇస్తే ఇంజనీరుకు పనికొస్తుంది.

లెక్కలటీచర్:
డబ్బు గురించి అడిగారు కాబట్టి ఒక వీధికి లెక్క వేసి చూద్దాం. 200 మీటర్ల పొడవు, 5 మీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం. 150 క్యూబిక్ మీటర్ల కాంక్రీటు. క్యూబిక్ మీటరు ఐదు వేలు అనుకుంటే కాంక్రీటు ఒక్కటే ఏడున్నర లక్షలు. పాతది తీయడం, కింద గ్రావెల్, కాలువ మరమ్మతు, పన్నులు కలిపి ఇంకో అంత వేసుకోండి. పదిహేను లక్షలు. వీధిలో 40 ఇళ్ళనుకుంటే ఇంటికి 37,500. వినగానే గుండె జారుతుంది.

ఆ రోడ్డు ఇరవై ఏళ్ళు ఉండాలి కదా. ఏడాదికి 75,000. ఇంటికి ఏడాదికి 1,875 రూపాయలు. అంటే రోడ్డు మన తాహతుకు మించిందేమీ కాదు. ఏటా కొంత తీసి పెట్టకపోవడం వల్ల, విరిగిన రోజున ఒక్కసారిగా పదిహేను లక్షలు వెతుక్కోవడం వల్ల మించిందైపోతోంది. పదేళ్ళకే విరిగితే ఏటా ఖర్చు రెండింతలు. మూడోవీధి గారు కాలువ ముందు అంటున్నది డబ్బు పరంగా కూడా సరైనదే అని నేను గట్టిగా నమ్ముతాను.

ఆ డబ్బు ఎక్కడిది అంటే మొదట మన ఇంటి పన్ను. 2021 ఏప్రిల్ నుంచి మన రాష్ట్రంలో పట్టణాల ఇంటి పన్నును అద్దె విలువ మీద కాక మూలధన విలువ మీద, అంటే స్థలం, కట్టడం కలిపిన విలువ మీద వేస్తున్నారు. నివాసాలకు ఆ విలువలో 0.10 నుంచి 0.50 శాతం మధ్య. ఏటా పెంపు 15 శాతం దాటకూడదని పరిమితి పెట్టారు. ఒక ఇల్లున్న స్థలంలో నాలుగంతస్తులు లేస్తే అక్కడి పన్ను ఎన్నో రెట్లు పెరగాలి. పెరుగుతోందా? పైన వేసిన అంతస్తు పన్ను పుస్తకంలోకి ఎక్కించుకోని ఇళ్ళు మన వీధుల్లోనే ఉన్నాయి. రోడ్డు అడగడానికి పోయేవాళ్ళం ముందు మన అంతస్తులన్నీ పన్నులోకి ఎక్కాయో లేదో చూసుకోవాలి. ఏప్రిల్ 30 లోపు ఏడాది మొత్తం ఒకేసారి కట్టేస్తే 5 శాతం తగ్గింపు కూడా ఉంది.

ఇల్లు, ఫ్లాటు చేతులు మారినప్పుడు 5 శాతం స్టాంపు డ్యూటీతో పాటు 1.5 శాతం బదిలీ సుంకం కడతాం. అది స్థానిక సంస్థలకు చేరాల్సిన సొమ్ము. మన కాలనీలో ఏటా ఎన్ని ఫ్లాట్లు అమ్ముడవుతున్నాయో మీకు తెలుసు.

కొర్లగుంట కుర్రోడు:
టీచర్ గారూ, లెక్క బాగుండాది. మరి కేంద్రం డబ్బులో? ఆర్థిక సంఘం నిధులని చెప్తా ఉంటారే, అవి రోడ్లకు రావా?

లెక్కలటీచర్:
వస్తాయి, కానీ అంతా రాదు. 15వ ఆర్థిక సంఘం 2021-26 కాలానికి పది లక్షల లోపు జనాభా ఉన్న పట్టణాలకు ఇచ్చిన గ్రాంటులో 60 శాతం తాగునీరు, పారిశుద్ధ్యానికే అని కట్టడి చేసింది. మిగిలిన 40 శాతం స్థానిక అవసరాలకు వాడుకోవచ్చు, జీతాలకు మాత్రం కుదరదంది. 2011 లెక్కల ప్రకారం తిరుపతి జనాభా 2.87 లక్షలు, కాబట్టి మనం ఆ కోవలోకే వస్తాం. ఇలాంటి కట్టడి ఉన్నప్పుడు వీధి రోడ్డు కట్టడి లేని వాటాలో మిగతా అన్ని పనులతో పోటీ పడాలి. మురుగునీటి పనులు కట్టడి ఉన్న వాటా వైపు సర్దుకునే వీలుంటుంది. కాలువనూ రోడ్డునూ ఒకే పని కింద కలిపి అడగకుండా విడివిడిగా రాయడంలో ఈ లాభం ఉంది.

ఎంపీ నిధి కూడా ఉంది, ఏడాదికి 5 కోట్లు. నియోజకవర్గం మొత్తానికి అది. ఒక వీధి అడిగే బదులు కల్వర్టు లాంటిది, నాలుగు కాలనీలకు పనికొచ్చేది అడిగితే బాగుంటుంది.

బెంగళూరు కోడలు:
మా అత్తమామలు ఆ కాలనీలోనే ఉంటారు. మేం బయట ఉన్నవాళ్ళం తలా కొంత వేసుకుని ఒక వీధికి రోడ్డు వేయించలేమా? వాట్సాప్ గ్రూపులో అడిగితే నెలలో పోగవుతుంది. ఆఫీసుల చుట్టూ పెద్దవాళ్ళు తిరిగే బాధ తప్పుతుంది.

మూడోవీధి:
అమ్మాయ్, నీ మంచి మనసుకు దండం. కానీ నేను ఒప్పుకోలేను. రోడ్డు నగరపాలక సంస్థ ఆస్తి. మనం డబ్బు పోగేసి వేస్తే రేపు పగిలినప్పుడు ఎవరిని అడుగుతాం? పని చేసినవాడు బాగుచేయాలని రాసే ఒప్పందం మన చేతిలో ఉండదు. ఇంకోటి. మీ వీధిలో అమెరికా పిల్లలున్నారు, ఇస్తారు. ఆఖరి సందులో అద్దె ఇళ్ళు, ఆటో నడిపేవాళ్ళు, పాలు పోసే ఆమె ఉన్నారు. వాళ్ళు పన్ను అద్దెలోనే కడుతున్నారు. వాళ్ళ సందుకు రోడ్డు రాకుండా మన వీధికి వస్తే, వర్షాకాలంలో మన నీళ్ళన్నీ వాళ్ళ గుమ్మాల్లోకే పోతాయి. పల్లం అటే కదా.

బయట ఉన్న పిల్లలు ఇవ్వదలుచుకుంటే ఒక దారి ఉంది. కాలనీ అంతటికీ మట్టాల సర్వే చేయించడానికి ఇవ్వండి. పని జరిగేటప్పుడు కాంక్రీటు ముక్క కోసి ల్యాబులో పరీక్ష చేయించడానికి ఇవ్వండి. అది మన కన్ను. రోడ్డు మాత్రం పన్ను డబ్బుతోనే పడాలి.

అలిపిరి గాలి:
దేవస్థానాన్ని ఎందుకు అడగకూడదు? శ్రీనివాస సేతు ఫ్లైఓవరుకు డబ్బిచ్చారుగా.

లెక్కలటీచర్:
శ్రీనివాస సేతు యాత్రికుల వాహనాలు నగరం దాటడానికి కట్టింది. దేవస్థానం, స్మార్ట్ సిటీ కార్పొరేషన్ కలిసి ఖర్చు భరించి 2023 సెప్టెంబరులో ప్రారంభించారు. మన సందులో యాత్రికుడు నడవడు. హుండీలో భక్తుడు వేసిన డబ్బును మా గేటు ముందు సిమెంటుకు అడగడం నాకు మనసొప్పదు. ప్రధాన కాలువల సంగతి వేరు. కొండ మీద పడిన వాన కపిలతీర్థం వైపు నుంచి, అలిపిరి వైపు నుంచి ఊరి గుండా దిగి స్వర్ణముఖి దాకా పోవాలి. ఆ నీటి దారి అందరిదీ. దాని మీద అందరూ కలిసి కూర్చుంటే అర్థముంది.

పచ్చగోడ ఇల్లు:
కాలువ, కాలువ అంటున్నారు కాబట్టి నేనూ చెప్తాను. పోయినేడు పూడిక తీయడానికి వచ్చినవాళ్ళు మా ఇంటి ముందు ర్యాంపు పగలగొడతామన్నారు. మా అమ్మకు ఎనభై దాటాయి, చక్రాల కుర్చీలో ఆస్పత్రికి తీసుకెళ్ళాలి. ర్యాంపు లేకపోతే ఆమెను ఎత్తుకుని దింపాలా? కాలువ మీద ర్యాంపులన్నీ ఆక్రమణలే అని మీటింగులో చేతులెత్తేవాళ్ళకు ఇంట్లో ముసలివాళ్ళు లేరా?

మూడోవీధి:
మీ మాట నిజం. నేను కూడా మోకాళ్ళ నొప్పులతో ఉన్నదాన్నే. అయితే మీ ర్యాంపు కింద ఏముందో ఒకసారి చూశారా? మా వీధిలో చాలా ర్యాంపులు కాలువలో మట్టి నింపి, ఇటుకలు పేర్చి, పైన సిమెంటు పూసినవి. నీళ్ళు అక్కడ ఆగి రోడ్డు మీదికి పొర్లుతాయి. అసలు గొడవ ర్యాంపు గురించి కాదు, దాని కింద నీళ్ళకు దారి లేకపోవడం గురించి.

మేస్త్రీ మామ:
అక్కా, దానికి పరిష్కారం ఉండాది. కాలవ మీద విడిగా లేసే పలకలు వెయ్యాల. రెండడుగుల వెడల్పు పలక, దానికి రెండు ఇనప కొంకీలు. పూడిక తీసేటప్పుడు ఇద్దురు మనుషులు లేపేస్తారు, మళ్ళీ పెట్టేస్తారు. చక్రాల కుర్చీ దాని మీంచి బాగా పోతాది. కాలవ మీద గోడ కట్టినట్టు మూసేస్తేనే కష్టం.

ఇంకో మాట. తీసిన పూడిక కాలవ పక్కనే కుప్ప పోసి పోతారు. రెండు వానలకు అదంతా మళ్ళీ కాలవలోకే. ట్రాక్టరు అదే రోజు రాకపోతే పూడిక తీయొద్దని అర్జీలో రాయండి.

మట్టాలకు సర్వే పిలవక ముందు మీరే చూసుకోవచ్చు. తెల్ల ట్యూబు ఒకటి, నీళ్ళు నింపి, గాలి బుడగ లేకుండా. వీధి మొదట్లో ఒక గోడ మీద గీత పెట్టి, ఆ మట్టాన్నే ఒక్కో ఇంటి కాంపౌండు గోడ మీదికి ట్యూబుతో తీసుకుపోవాల. ప్రతి ఇంటి దగ్గర ఆ గీత నుంచి కాలవ అడుగుకి ఎంత, రోడ్డుకి ఎంత, గుమ్మానికి ఎంత అని టేపు పెట్టి రాసుకోండి. కాలవ అడుగు ముందుకు పోయేకొద్దీ కిందికి దిగతా ఉండాల. యాడన్నా పైకి లేచినాదంటే నీళ్ళు ఆడ నిలుస్తాయి, దోమలు ఆడే. మూడో వీధికి నేను వస్తా. నాతో ఒక కుర్రోడిని పంపండి, పట్టుకోడానికి.

చిత్తూరు చిన్నోడు:
మాది చిత్తూరు. మా వీధి అనుభవం చెప్తాను, మీకు పనికొస్తుంది. మంచి సిమెంటు రోడ్డు పడింది, పద్నాలుగు రోజులు గోనెసంచులు తడిపి క్యూరింగ్ కూడా చేశారు, అందరం కుర్చీలేసుకుని చూశాం. ఆరు నెలలు తిరక్కుండా నీళ్ళ పైపు కోసం మధ్యలో నుంచి కోసేశారు. కోసిన చోట మట్టి పోసి, పైన నాలుగు తట్టల సిమెంటు పూశారు. ఆ గీత పొడుగునా ఇప్పుడు లోతు పడిపోయింది. రాత్రి బైకు మీద వచ్చే పిల్లలు పడుతున్నారు.

రోడ్డు కోసేవాళ్ళ దగ్గర కోతకని కట్టించుకున్న డబ్బు ఉంటుంది. అది ఆ వీధి రోడ్డును తిరిగి బాగుచేయడానికే ఖర్చు కావాలి. మా దగ్గర ఆ డబ్బు ఎటు పోయిందో తెలుసుకోవడానికి సమాచార హక్కు కింద దరఖాస్తు పెట్టాం. 10 రూపాయల ఫీజు, 30 రోజుల గడువు. జవాబు వచ్చింది. అందులో రాసిన కోత పొడవును పట్టుకుని మళ్ళీ పని చేయించుకున్నాం, సగం దూరమే అనుకోండి.

కంకరసార్:
ఇది చాలా ముఖ్యం. మీ కాలనీలో పాత కుళాయి పైపులు, భూగర్భ డ్రైనేజీ కనెక్షన్లు ఏవైనా మార్చాల్సినవి ఉంటే రోడ్డుకు ముందే జరగాలి. ప్రతి ఇంటి ముందు రోడ్డుకు అడ్డంగా ఒక ఖాళీ పైపు వేసి పెట్టమనండి, రేపు కేబులో, నీళ్ళ గొట్టమో అందులోంచి పోతుంది, రోడ్డు కోయక్కర్లేదు. అప్పుడు చేస్తే పెద్ద ఖర్చు కాదు.

సమాచార హక్కు కింద అడిగేటప్పుడు "రోడ్డు ఎందుకు పాడైంది" అని అడగొద్దు, దానికి జవాబు రాదు. ఎస్టిమేటు కాపీ, ఎం-బుక్‌లో (చేసిన పని కొలతలు రాసే పుస్తకం) ఆ పనికి సంబంధించిన పేజీల కాపీ, ఒప్పందంలో డిఫెక్ట్ లయబిలిటీ గడువు ఎప్పటిదాకా, కాంట్రాక్టరు డిపాజిట్ ఇంకా ఆఫీసులోనే ఉందా, ఇవి అడగండి. ఆ గడువు లోపల పగిలితే సొంత ఖర్చుతో బాగుచేయాల్సింది అతనే. గడువు ముగిసి డిపాజిట్ తిరిగి ఇచ్చేశాక అడిగితే మీ చేతిలో ఏమీ ఉండదు. కాబట్టి ఆ తేదీని వీధిలో ఎవరో ఒకరు డైరీలో రాసుకోవాలి. గడువుకు నెల ముందు వీధంతా నడిచి, పగుళ్ళు, జాయింట్లు ఫోటోలు తీసి రాతపూర్వకంగా ఇవ్వాలి.

కొర్లగుంట కుర్రోడు:
సార్, మేం అట్ల చెయ్యలేదు. ఎవురికీ తెలీదు కూడా. మా వీధికి ఎప్పుడు ముగుస్తాదో రేపే పోయి అడుగుతా.

నాలుగో అంతస్తు:
మా అసోసియేషన్‌లో మాట్లాడాను. ట్యాంకరు బండ్లను పొద్దున పూట పెద్ద వీధి నుంచే రమ్మని, చిన్న సందులోకి పైపు వేసి నీళ్ళు తోడుకోవడానికి ఒప్పుకున్నారు. రెండు ఫ్లాట్ల వాళ్ళు ఒప్పుకోలేదు, మాట్లాడతాను.

కంకరసార్:
సంతోషం. ఇక టైము సంగతి. మనకు పెద్ద వానలు అక్టోబరు నుంచి డిసెంబరు దాకా, ఈశాన్య రుతుపవనాలవి. అందుకని పూడిక సెప్టెంబరు లోపల తీయాలి. రోడ్డు పని జనవరి తర్వాత మొదలై మే లోపల ముగియాలి, మన ఎండలకు క్యూరింగ్ నీళ్ళు ఎక్కువ కావాలి కాబట్టి ఫిబ్రవరి, మార్చి ఇంకా మేలు. ఆర్థిక సంవత్సరం ఏప్రిల్ 1న మొదలవుతుంది, దాని బడ్జెట్ అంచనాలు అంతకు ముందు చలికాలంలోనే తయారవుతాయి. అర్జీ మే నెలలో గంగమ్మ జాతర అయ్యాక ఇస్తే ఆ ఏడాది డబ్బు అప్పటికే పంచేసి ఉంటారు. ఇప్పుడే ఇవ్వండి.

మూడోవీధి:
అందరి మాటలూ కాగితం మీద పెట్టాను. ఆదివారం మీటింగులో చదువుతాను. అర్జీ ఇలా ఉంటుంది:

"మా కాలనీలో మొదట అన్ని వీధుల పక్క కాలువలు మట్టం సరిచూసి మరమ్మతు చేయాలి, లేపడానికి వీలైన పలకలు వేయాలి. తర్వాత మార్చాల్సిన పైపులన్నీ మార్చి, ఇంటింటికీ అడ్డంగా ఖాళీ పైపు వేయాలి. అవి అయ్యాక, పాత రోడ్డు తొలగించి ఇప్పుడున్న ఎత్తు పెరగకుండా కొత్త రోడ్డు వేయాలి. పల్లాన ఉన్న ఆఖరి సందు నుంచి పని మొదలుపెట్టాలి. రోడ్డు వేసిన ఏడాది నుంచి జాయింట్లు నింపడానికి, పగుళ్ళు మూయడానికి, పూడికకు ఏటా కొంత మొత్తం మా డివిజను పేరు మీద బడ్జెట్‌లో చూపించాలి. కోత డబ్బు వసూలు చేసిన వీధిలోనే ఖర్చు చేయాలి."

కింద ప్రతి వీధి మట్టాల పట్టిక జతచేస్తాం. పన్ను పూర్తిగా కట్టిన రసీదుల కాపీలు కూడా పెడదామని నా ఉద్దేశం.

పచ్చగోడ ఇల్లు:
"ర్యాంపు తీసిన రోజే పలక వేయాలి" అని కూడా రాయండి. అది రాస్తే సంతకం పెడతాను. మా ర్యాంపు కింద చూశాను, సగం పూడిపోయి ఉంది.

మూడోవీధి:
రాశాను.

కొర్లగుంట కుర్రోడు:
ఆఖరి సందు నుంచి అంటే మీ మీటింగులో పెద్ద వీధోళ్ళు ఒప్పుకుంటారా అక్కా?

మూడోవీధి:
కొందరు ఒప్పుకోరు. నిన్ననే ఒకాయన "మెయిన్ వీధి ముందు" అన్నాడు. ట్యూబు పట్టుకుని ఆయన గేటు నుంచి ఆఖరి సందు దాకా నడిపిద్దామని మేస్త్రీ మామ అంటున్నాడు. శనివారం పొద్దున ఆరున్నరకు, ఎండ ఎక్కకముందు. పట్టుకోవడానికి కుర్రాళ్ళు ఇద్దరు కావాలి, టేపు ఉన్నవాళ్ళు టేపు తెండి.